తిరిగే బంతి, తిప్పే వేళ్లు: పిల్లల చేతికి ఏ బంతి ఇవ్వాలి?

వేసవి సెలవులు వచ్చాయంటే మన పట్టణాలలోని కళాశాల మైదానాలు తెల్లవారుజాము నుంచే క్రికెట్ శిక్షణ శిబిరాలతో నిండిపోతాయి. వేగంగా బంతి వేయడానికి ఒడ్డూపొడుగూ చాలదనిపించిన పిల్లవాడిని శిక్షకుడు స్పిన్ వైపు మళ్లించడం పరిపాటి. తల్లిదండ్రులు కూడా దానికి సంతోషిస్తారు. "స్పిన్నే కదా, నాలుగడుగులు వేసి బంతి వదలడమే, ఒంటికి శ్రమ ఉండదు" అని నాతో అన్నవారు చాలామంది ఉన్నారు. ఈ నిశ్చింతలో సగం మాత్రమే నిజం ఉన్నది. వేగంగా బంతి వేసేవారి నడుము ఎముకలపై పడే భారం స్పిన్నరుపై అంతగా పడదు. కానీ స్పిన్నరు శ్రమ అంతా చివరకు వచ్చి చేరేది ఒకటి రెండు వేళ్ల మీద, మణికట్టు మీద, భుజం మీద. అవి చిన్న అవయవాలు. ఎదిగే పిల్లలలో అవి ఇంకా పూర్తిగా గట్టిపడని అవయవాలు కూడా.

బంతి దేనితో తయారైంది, దానిని చేతి నుంచి ఎలా విడిచారు అన్న రెండు విషయాలను బట్టి బంతి ఎంత తిరుగుతుందో తేలుతుంది. ఏ వేలి మీద ఎంత భారం పడుతుందో తేల్చేవి కూడా ఆ రెండే. అందువలన పిల్లవాడి చేతికి ఏ బంతి ఇస్తున్నామన్నది ఆటకు సంబంధించిన ప్రశ్న మాత్రమే అనుకోరాదు. అది ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న కూడా.

బంతి లోపల ఏమున్నది?

అసలైన క్రికెట్ బంతి మధ్యలో కార్క్ ఉంటుంది. దానిచుట్టూ దారాన్ని బిగించి చుడతారు. ఆపైన తోలు తొడిగి కుడతారు. బంతి నడుము చుట్టూ ఆరు వరుసల కుట్లు ఉబ్బుగా కనబడతాయి. ఆటగాళ్లు దీనినే సీమ్ అంటారు. పురుషుల క్రికెట్‌లో బంతి బరువు 155.9 నుంచి 163 గ్రాముల వరకు, చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్ల వరకు ఉండాలని నిబంధన.

స్పిన్నరుకు ఈ కుట్టే ప్రాణం. నున్నని తోలు మీద వేళ్లు జారుతాయి. కుట్టు మీద వేలి మొదటి కణుపు ఆనించి లాగితే బంతి గిర్రున తిరుగుతుంది. బంతి నేలను తాకినప్పుడు కూడా తోలు పడితే జారిపోయే అవకాశం ఎక్కువ, కుట్టు పడితే నేలను పట్టుకొని పక్కకు మళ్లే అవకాశం ఎక్కువ. ఒకే బౌలరు ఒకే విధంగా వేసిన రెండు బంతులలో ఒకటి తిరిగి, మరొకటి సూటిగా పోవడానికి ఇదొక ముఖ్య కారణం. మనదేశంలో టెస్టు మ్యాచ్‌లకు వాడే ఎస్‌జీ బంతిని చేతితో కుడతారు. దాని కుట్టు ఉబ్బుగా ఉండి చాలాసేపు నిలుస్తుంది. ఆస్ట్రేలియాలో వాడే కూకబురా బంతి కుట్టు త్వరగా అణగిపోతుంది. అటువంటి బంతితో అంతే తిప్పాలంటే వేళ్లు మరింత శ్రమించాలి. రాత్రి మ్యాచ్‌లలో మంచు కురిసి తోలు తడిస్తే ఎంతటి స్పిన్నరుకైనా పట్టు చిక్కదు.

మన వీధులలో ఆడేది మాత్రం చాలావరకు టెన్నిస్ బంతితోనో, రబ్బరు బంతితోనో. టెన్నిస్ బంతి బరువు 56 నుంచి 59.4 గ్రాములు మాత్రమే. లోపల గాలి, పైన నూగు. ఆ నూగు వేళ్లకు పట్టునిస్తుంది. బరువు తక్కువ కనుక దానిని తిప్పడానికి కావలసిన మెలి కూడా తక్కువే. స్థూలంగా లెక్క వేసి చూస్తే, టెన్నిస్ బంతికి ఇచ్చినంత తిరుగుడునే తోలు బంతికి ఇవ్వడానికి రెండింతలకు పైగా మెలిపెట్టే బలం కావాలి. వీధిలో అద్భుతంగా తిప్పే కుర్రవాడు తోలు బంతి పట్టగానే వెలవెలబోవడానికి కారణం నైపుణ్య లోపం అనుకోనక్కరలేదు. వాడి వేళ్లకు ఆ బలం ఇంకా రాలేదు, అంతే.

ఇక గ్రామాలలో దొరికే కార్క్ బంతి సంగతి. ఇది చవక, మన్నిక ఎక్కువ. కానీ రాయిలా గట్టిగా ఉంటుంది. తోలు బంతికి ఉన్నట్టు వేలికి అందే మంచి కుట్టు దీనికి ఉండదు. పట్టు లేనిచోట పిల్లవాడు ఏం చేస్తాడు? బంతిని మరింత గట్టిగా నొక్కుతాడు, మణికట్టును అవసరానికి మించి విదిలిస్తాడు. బంతి తిరగదు సరికదా, కీళ్లు నొప్పి పెడతాయి.

చేతి నుంచి విడిచే విధం

స్పిన్‌లో స్థూలంగా రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది వేళ్లతో తిప్పడం. కుడిచేతి ఆఫ్ స్పిన్నరు చూపుడు వేలిని, మధ్య వేలిని ఎడంగా చాచి కుట్టుకు అడ్డంగా ఆనిస్తాడు. తలుపుకుండే గుండ్రని పిడిని కుడివైపు తిప్పినట్టుగా బంతిని తిప్పి వదులుతాడు. ఇందులో ప్రధానంగా పనిచేసేది చూపుడు వేలు. రెండవది మణికట్టుతో తిప్పడం. లెగ్ స్పిన్నరు మణికట్టును లోపలికి ముడిచి ఉంచి, వదిలే క్షణంలో విప్పుతాడు. వంచి పెట్టుకున్న ఉంగరపు వేలు కుట్టును చివరిసారి మీటుతుంది. బంతి ఎడమవైపు తిరుగుతూ పోతుంది. అదే లెగ్ స్పిన్నరు మణికట్టును మరికొంత తిప్పి, చేతి వెనుకభాగం బ్యాట్స్‌మన్ వైపు ఉండేలా వదిలితే అది గూగ్లీ అవుతుంది, వ్యతిరేక దిశలో మళ్లుతుంది.

అగ్రశ్రేణి స్పిన్నరు వేసే బంతి నిమిషానికి 2000 చుట్ల ప్రమాణంలో తిరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి ఒక సెకను కన్నా తక్కువే పడుతుంది. ఆ కొద్ది వ్యవధిలోనే అది సుమారు 25 చుట్లు తిరుగుతుంది. ఆ చుట్లన్నింటికీ కావలసిన బలాన్ని వేళ్లు దానికి రెప్పపాటులో అందించాలి. ఈ బలం వేళ్లలోనే పుట్టదు. ముందు పాదం మీద శరీరం గిరుక్కున తిరగడంతో మొదలై, తుంటి, నడుము, భుజం, ముంజేయి మీదుగా వేలి కొసకు చేరుతుంది. ఈ గొలుసులో ఏ ఒక్క కడియం బలహీనమైనా ఆ లోటును తరువాతి కడియం భరించవలసి వస్తుంది. నడుము తిప్పకుండా చేయి మాత్రమే విసిరే పిల్లవాడికి భుజం నొప్పి రావడం అందుకే.

గాలిలో కూడా ఈ తిరుగుడు పనిచేస్తుంది. తిరిగే బంతికి రెండు పక్కలా గాలి పీడనం సమానంగా ఉండదు. పీడనం తక్కువ ఉన్న వైపునకు బంతి ఒరుగుతుంది. దీనిని వివరించిన 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రజ్ఞుడు మాగ్నస్ పేరుతోనే దీనికి మాగ్నస్ ప్రభావమని పేరు వచ్చింది. 1993 జూన్ 4న మాంచెస్టర్‌లో షేన్ వార్న్ మైక్ గాటింగ్‌కు వేసిన బంతిలో ఈ రెండు ధర్మాలూ కనబడతాయి. అది గాలిలో లెగ్ స్టంప్ ఆవలికి ఒరిగింది. నేలను తాకి, వెనక్కి మళ్లి ఆఫ్ స్టంప్ బెయిల్‌ను పడగొట్టింది. ఆ వీడియో ఇప్పటికీ అందుబాటులో ఉన్నది, పిల్లలకు తప్పక చూపించండి.

తేలిక బంతి చిన్నచూపు చూడదగినది కాదు

"టెన్నిస్ బంతితో ఆడితే చేయి చెడిపోతుంది, మొదటి రోజు నుంచే తోలు బంతి పట్టించాలి" అని కొందరు శిక్షకులు చెబుతుంటారు. చరిత్ర ఈ మాటను సమర్థించదు. గూగ్లీని కనిపెట్టిన ఇంగ్లండ్ ఆటగాడు బెర్నార్డ్ బోసాంక్వెట్ దానిని నేర్చుకున్నది మైదానంలో కాదు. బల్లకు ఆవలి వైపు ఉన్నవాడు పట్టుకోలేని విధంగా టెన్నిస్ బంతిని బల్ల మీద ఎగిరించి పంపే ఒక ఇంటి ఆట ఆడుతూ, 19వ శతాబ్దం చివరలో ఆయన ఆ కిటుకును పట్టుకున్నాడు. ఆస్ట్రేలియా ఆటగాడు జాక్ ఐవర్సన్ సైన్యంలో ఉండగా టేబుల్ టెన్నిస్ బంతితో కాలక్షేపం చేస్తూ, మడిచిన మధ్య వేలితో బంతిని మీటే పద్ధతిని అలవరచుకున్నాడు. 1950-51లో ఇంగ్లండ్ జట్టు ఆ బంతిని అర్థం చేసుకోలేక తికమకపడింది. తరువాతి కాలంలో శ్రీలంకకు చెందిన అజంతా మెండిస్, మన అశ్విన్ వేసిన క్యారమ్ బంతి ఆ కుటుంబానికి చెందినదే.

ఈ రెండు ఉదాహరణలలోనూ కొత్త విద్యను వేళ్లకు నేర్పింది తేలిక బంతే. తేలిక బంతితో వందసార్లు ప్రయత్నించినా వేలు అలసిపోదు. ఏ వేలిని ఎంత వంచితే బంతి ఎటు పోతుందో మెదడు గ్రహిస్తుంది, నరాలు గుర్తుంచుకుంటాయి. ఈ సమన్వయం కుదిరిన తరువాత బరువైన బంతికి కావలసిన బలాన్ని వయసుతోపాటు క్రమంగా పెంచుకోవచ్చు. విద్య ముందు, బరువు తరువాత. ఈ వరుస తారుమారైన చోటనే పిల్లలు మా వంటి వైద్యుల వద్దకు వస్తారు.

చేతిమీద రాసి ఉండే వృత్తి

ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన రోజులలో రోగి చేయి చూసి వృత్తి చెప్పడం మాకు అలవాటుగా ఉండేది. బీడీలు చుట్టే స్త్రీ వేళ్లు ఒక రకం, పార పట్టే కూలీ అరచేయి మరొక రకం. స్పిన్నరు చేయి కూడా అటువంటిదే. కుడి చూపుడు వేలి పక్కన కాయ కాచి ఉంటే ఆఫ్ స్పిన్నరని, ఉంగరపు వేలి మీద ఉంటే లెగ్ స్పిన్నరని దాదాపుగా చెప్పేయవచ్చు. మితమైన కాయ చర్మానికి రక్షణ కవచం. అది నెలల తరబడి, కొద్దికొద్దిగా ఏర్పడాలి. తొందరపెడితే కాయ కాచే లోపలే చర్మం చిట్లుతుంది.

ఇది అనుభవజ్ఞులకూ తప్పదు. ఇంగ్లండ్ ఆఫ్ స్పిన్నరు మొయిన్ అలీ 2021లో టెస్టుల నుంచి విరమించి, 2023లో ఆస్ట్రేలియాతో పోటీకి తిరిగి వచ్చాడు. పరిమిత ఓవర్లు మాత్రమే వేస్తూ వచ్చిన ఆయన ఎర్ర బంతితో సుదీర్ఘంగా వేయవలసి రావడంతో, మొదటి టెస్టులోనే చూపుడు వేలి చర్మం చిట్లింది. షేన్ వార్న్ అంతటివాడికి 1996లో బంతిని తిప్పే వేలికి, 1998లో భుజానికి శస్త్రచికిత్సలు జరిగాయి. పరిపక్వమైన దేహానికే ఇంత భారమైతే పన్నెండేళ్ల వేలి సంగతి ఆలోచించండి.

పిల్లల ఎముకల కొసల వద్ద ఎదుగుదల పలకలు ఉంటాయి. ఇవి మృదువైన మృదులాస్థితో ఏర్పడిన పొరలు. ఎముక పొడవు పెరిగేది ఇక్కడే. కౌమారం ముగిసేవరకు ఇవి చుట్టూ ఉన్న టెండన్లు, కీలు బంధనాల కన్నా బలహీనంగా ఉంటాయి. పెద్దవారిలో టెండన్ సాగే చోట, పిల్లలలో ఎదుగుదల పలక దెబ్బతినవచ్చు. నేను పదవీ విరమణ చేసిన తరువాత మా వీధిలోని ఒకాయన తన కుమారుడిని తీసుకువచ్చారు. వయసు పన్నెండు. పొట్టి చేయి, సన్నని వేళ్లు. రోజూ రెండు గంటలపాటు పెద్దల బంతితో ఆఫ్ స్పిన్ సాధన. చూపుడు వేలి మధ్య కణుపు వాచి ఉన్నది. ఎన్నాళ్లుగా నొప్పి అని అడిగితే బాలుడు తండ్రి వంక చూసి, నెల దాటిందని మెల్లగా చెప్పాడు. జిల్లా జట్టు ఎంపికలు దగ్గర పడుతున్నాయట. నొప్పి అని చెబితే శిక్షకుడు పక్కన కూర్చోబెడతాడని భయం.

బంతి పట్టుకొని చూపమన్నాను. కుట్టు మీద రెండు వేళ్లు చాచేసరికే చూపుడు వేలు దాని హద్దు దాకా సాగిపోయింది. ఆ స్థితిలో మెలి పెడితే వేలికి ఇచ్చుకోవడానికి ఇంకేమీ మిగలదు. అదృష్టవశాత్తు ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. కొన్ని వారాల విశ్రాంతి, ఆపైన చిన్నపిల్లల బంతితో సాధన సూచించాను. ఆ ఏడాది ఎంపికలకు వాడు వెళ్లలేకపోయాడు. తండ్రికి అది బాధ కలిగించింది. అయినా "ఎంపికలు వచ్చే ఏడు కూడా ఉంటాయి, వేలు మాత్రం ఇదొక్కటే" అని చెప్పక తప్పలేదు. ఇప్పుడు వాడు సాయంత్రాలు మళ్లీ బంతి వేస్తున్నాడు.

మహానుభావులను అనుకరించవచ్చునా?

పిల్లలకు ఆదర్శ పురుషులు ఉంటారు. హైదరాబాద్ గడ్డ మీద గులాం అహ్మద్ మొదలుకొని శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు, ప్రజ్ఞాన్ ఓజా వరకు స్పిన్నర్లకు కొదవ లేదు. వారి ఆట చూసి స్ఫూర్తి పొందడం మంచిదే. కానీ కొందరి శైలి వారి దేహనిర్మాణం నుంచి పుట్టినది. ముత్తయ్య మురళీధరన్ మోచేయి పుట్టుకతోనే పూర్తిగా చాపడానికి వీలులేనిది, మణికట్టు అసాధారణంగా మెలి తిరిగేది. ఆయన సాధించిన 800 టెస్టు వికెట్ల వెనుక ఆ నిర్మాణం ఉన్నది. బంతి వేసేటప్పుడు మోచేయి 15 డిగ్రీలకు మించి చాచుకోరాదన్నది నేటి నిబంధన. మామూలు మోచేయి ఉన్న బాలుడు ఆయనను అనుకరించబోతే నిబంధనకూ విరుద్ధం కావచ్చు, కీలుకూ చేటు కావచ్చు.

భగవత్ చంద్రశేఖర్ కథ వైద్యులను మరీ కదిలిస్తుంది. బాల్యంలో పోలియో సోకి ఆయన కుడిచేయి సన్నబడింది. ఆ చేతితోనే ఆయన 58 టెస్టులలో 242 వికెట్లు తీశారు. 1971లో ఓవల్ మైదానంలో 38 పరుగులకు 6 వికెట్లు తీసి, ఇంగ్లండ్ గడ్డ మీద భారత్‌కు తొలి టెస్టు విజయాన్ని అందించారు. ఆ సన్నని చేయి కొరడాలా ఝళిపించేదని అభిమానులు మురిసిపోయేవారు. ఆయన పట్టుదలకు నమస్కరిద్దాం. కానీ పోలియో ఆయనకు వరమైందన్న మాటను మాత్రం నేను అంగీకరించను. ఆ వ్యాధి సోకి జీవితమంతా పాకుతూ గడిపిన పిల్లలను మా తరం వైద్యులు ఎందరినో చూశారు. 2014 మార్చి 27న మన దేశం పోలియో రహితంగా ధ్రువీకరణ పొందింది. ఇక మీదట మన స్పిన్నర్లందరూ రెండు నిండు చేతులతో పెరగాలి.

తల్లిదండ్రులకు, శిక్షకులకు కొన్ని మాటలు

పదమూడేళ్లలోపు పిల్లలకు నిబంధనలలోనే ప్రత్యేకమైన బంతి ఉన్నది. దాని బరువు 133 నుంచి 144 గ్రాములు, చుట్టుకొలత 20.5 నుంచి 22 సెంటీమీటర్లు. మహిళల బంతి బరువు 140 నుంచి 151 గ్రాములు. చాలా శిబిరాలలో బాలికలు సైతం పురుషుల బంతితోనే సాధన చేస్తున్నారు. దుకాణంలో అడిగి, వారికి తగిన బంతినే కొనండి. చిన్న బంతి వాడడం చిన్నతనం కాదు.

వేళ్లు కుట్టు మీద చాచినప్పుడు బిగుసుకుపోకుండా, వణకకుండా నిలిస్తేనే ఆ బంతి ఆ చేతికి సరిపోయినట్టు. మొదట టెన్నిస్ బంతితో పట్టు, విడుపు నేర్పండి. తరువాత చిన్నపిల్లల తోలు బంతికి మారండి. మారిన తొలి వారాలలో బంతుల సంఖ్య సగానికి తగ్గించండి. సాధనకు ముందు భుజాన్ని, మణికట్టును కదిలించి వేడెక్కించాలి. వారానికి కనీసం రెండు రోజులు బంతి పట్టని విశ్రాంతి ఉండాలి.

పట్టు కోసం వేళ్లను నోటిలో తడుపుకునే అలవాటు చాలామందికి ఉన్నది. ఒకే బంతి పదిమంది చేతులు మారుతుంది, నేల మీద దొర్లుతుంది. దానికన్నా పొడి తుండుగుడ్డ మేలు. చర్మం చిట్లితే సబ్బుతో కడిగి, శుభ్రమైన కట్టు కట్టి, మానేవరకు బౌలింగ్ ఆపాలి. బొబ్బ పైపొరను పీకివేయరాదు. పగుళ్లలో సున్నం, టూత్‌పేస్టు వంటివి పెట్టరాదు. వాచిన వేలిని లాగించడం, మర్దన చేయించడం అసలే తగదు.

నొప్పి రెండు మూడు రోజులు దాటినా, కీలు వాచినా, మోచేయి మునుపటిలా చాపలేకపోయినా, రాత్రి నిద్రలో భుజం నొప్పి పెట్టినా, వేళ్లు మొద్దుబారినా ఎముకల వైద్యుని సంప్రదించండి. అన్నిటికన్నా ముఖ్యంగా, నొప్పి అని చెప్పిన పిల్లవాడిని పిరికివాడని అనకండి. జట్టులో స్థానం పోతుందన్న భయంతో నోరు మూసుకున్న పిల్లవాడి వేలు ఏమవుతుందో మీరు ఊహించగలరు. వాడు నిర్భయంగా చెప్పగలిగే వాతావరణం ఇంట్లోనూ, మైదానంలోనూ ఉంటే చాలా గాయాలు మొదటి వారంలోనే ఆగిపోతాయి.